రెండో లెక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. అమరేందర్ సారు. ఆయన భార్య రాజమణమ్మ. తన గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్న వాళ్ళ కూతురు స్నిగ్ధక్క. సోఫాలో బిక్షపతి. పాపన్నపేట నుంచి షేర్ ఆటోలో పిలిపించిన మా అమ్మ ఐలవ్వ. నేను. ముందు గదిలో నాలుగు కంప్యూటర్లు.

కంప్యూటర్లను కూడా లెక్కలో వేశాను. దసరా నాడు వాటికి బొట్టు పెట్టి, బంతిపూలు వేసి, దండం పెట్టారు. నాకు ఆ ఇంట్లో అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు.

పింఛన్ కోసం సెంటర్‌కు వచ్చే రామమ్మను ఎక్కడ లెక్క వేయాలో తెలియలేదు. ఆమె ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడింది.

"నా ఏలుముద్ర నాకియ్యి పటేలా," అంది, బొటనవేలు పైకెత్తి చూపించి.

"ఏలుముద్ర ఎట్లిస్తరు రామమ్మా? అది నీ ఏలికే ఉంటది," అన్నాడు సారు.

"మొన్న పింఛన్‌కని నీ డబ్బల పెట్టిన. అది అమెరికా పోయిందంట. ఆడ ఎవడో నా పింఛన్ తింటుండంట."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"అందరు చెప్తుండ్రు. గీ బిక్షపతి గూడ చెప్పిండు."

బిక్షపతి సోఫాలో కాలు మార్చి కాలు వేసుకున్నాడు. అతను సారుకు కుడి భుజం. వార్డులో ఏ వార్త పుట్టినా ముందు సారుకు చెప్పి తర్వాత బజారుకు చెబుతాడు. ఈసారి వరస తిరగబడినట్టుంది.

"నేను అమెరికా అనలే. జపాన్ అన్న," అన్నాడు.

సారుకు కోపం వస్తే పూర్వం గొంతు లేచేది. మున్సిపాలిటీ ఎన్నికల మాట మొదలైనప్పటి నుంచి ఆ గొంతు లేవడం లేదు. ఓటున్న ప్రతివాళ్ళతోనూ తేనె పూసినట్టు మాట్లాడుతున్నాడు. నాకు ఇంకా ఓటు రాలేదు.

"సాయంత్రం రా రామమ్మా. అందర్ని పిలిచిన. గీ పని ఎవరు చేసిన్రో అందరి ముంగట చెప్పిస్త," అన్నాడు.

ఆమె వేలు చూసుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళేదాకా రాజమణమ్మ నా వైపే చూస్తూ ఉంది.

దసరా నాడు ఏమైందో ఈ వార్డులో పసిపిల్లలు కూడా చెబుతున్నారు. ఆయుధ పూజకు యంత్రాలన్నీ ఆపాలి. మర్నాటి దాకా వాటిని పనికి వాడకూడదు. ముందు గదిలో సారు నడిపే ఆన్‌లైన్ సెంటర్‌కు ఆ రోజు వార్డు పెద్దలంతా వచ్చారు. రాజమణమ్మ ఒక్కో కంప్యూటర్‌కూ పసుపు కుంకుమ అద్దింది. చివరిదానికి వచ్చాక భక్తి ఎక్కువై మౌస్‌కు కూడా బొట్టు పెట్టింది.

మౌస్ కదిలింది. ఆపేశారనుకున్న స్క్రీన్ వెలిగింది. బంతిపూల దండ వెనక ప్రపంచ పటం, దేశం నుంచి దేశానికి పాకుతున్న గీతలు, మన దగ్గర ఒక ఎర్ర చుక్క.

పంతులు మంత్రం మధ్యలో ఆపాడు. సారు హారతి పళ్ళెం పక్కన పెట్టి గోడకున్న వైర్లన్నీ పీకేశాడు. అప్పుడే చేతిలో జమ్మి పెట్టి, గుండెకు హత్తుకున్నవాళ్ళు గేటు దాటగానే ఫోన్లు తీసి, పూజలో పట్టిన వీడియో అందరికీ పంపారు.

ఇప్పటికీ ఆ మౌస్ మీద కుంకుమ ఎండిపోయి ఉంది. తుడవడానికి ఎవరికీ ధైర్యం లేదు. పూజ చేసినదాన్ని తుడిస్తే పాపమట. ఆడపిల్ల మీద లేనిది మోపితే ఏమవుతుందో ఏ పంతులూ చెప్పలేదు.

"కుర్చీల కూసో ఐలవ్వ," అంది రాజమణమ్మ.

ఆమె ఆ మాట అంటుంది గాని కుర్చీ వైపు చూడదు. మా అమ్మకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. చెప్పులు విడిచే చోట, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. మా నాన్న ఎల్లం ఈ సారు పొలమే కౌలుకు చేస్తాడు. అందువల్లనే నేను ఈ ఇంట్లో ఉండి మెదక్‌లో ఇంటర్ చదువుతున్నాను. కాలేజీ లేని వేళల్లో గిన్నెలు, గచ్చు నావి.

"నీ బిడ్డ ఏం చేసిందో తెల్సా?" అంది రాజమణమ్మ.

"ఫోన్ల చెప్పిన్రు గదమ్మా. నాకేం సమజ్ కాలే."

"కంప్యూటర్లకు దేశాలన్ని కలిపింది."

మా అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది, దాని కింద కొంచెం గర్వం కూడా ఉందేమో అనిపించింది. వెంటనే తల దించుకుంది.

"జర చెప్పు బిడ్డా, ఏందది," అన్నాడు బిక్షపతి, పంచాయితీ చేసే పెద్దమనిషి గొంతుతో. "నేను గూడ ఇంటా. గంత పెద్ద సైంటిస్టులకు మన డబ్బలతోని ఏం పని?"

నేను ఈ ఇంట్లో నలుగురి ముందు మాట్లాడటం తక్కువ. డైరీలో అయితే పేజీలు రాస్తాను. ఆ రోజు మాత్రం మాట్లాడాను.

"లెక్క మస్తు పెద్దది. ఒక్క కంప్యూటర్‌తోని ఏండ్లు పడ్తది. అందుకని ముక్కలు చేసి అన్ని దేశాలకు పంచుతరు. ఇండ్లల్ల, కాలేజీలల్ల కంప్యూటర్లు ఖాళీగ ఉన్నప్పుడు తలా ఒక ముక్క చేసి పంపుతయి. అన్ని కలిపి సైంటిస్టులు చూసుకుంటరు. మా కాలేజీల లిడియా మేడం చెప్పింది."

"ఏం లెక్క?"

"అగ్గి తెగులుది. ఆ బూజు వరిని ఎట్ల పట్టుకుంటది, ఏది దాన్ని ఆపుతది అని."

"తెగులుకు మందు కావాల్నంటే షాపుకు పోవాలె. జపాన్‌కు ఎందుకు పోవుడు?"

సారు నవ్వాడు. రాజమణమ్మ నవ్వింది. మా అమ్మ నవ్వలేదు. నిరుడు మా కౌలు మడిలో వెన్నులు మెడ దగ్గర నల్లబడి విరిగి, తెల్లగా ఎండిపోయి నిలబడ్డాయి. షాపులో ఇచ్చిన మందు కొట్టాకే అలా నిలబడ్డాయి. కోస్తే అంతా తాలు. సారు ఆ మడిని రోడ్డు మీద నుంచి చూసి, కారు దిగకుండానే వెళ్ళిపోయాడు.

"మరి మన ఏలుముద్రలు పోవా?" అన్నాడు బిక్షపతి.

"పోవు. ఆ లెక్కకు వాటితోని పని లేదు."

"నువ్వు పోయి చూసొచ్చినవా?"

"ఒక్కరి లెక్క వాళ్ళు గూడ నమ్మరు. మనకిచ్చిన ముక్కనే ఇంకో దేశంల ఇంకో కంప్యూటర్‌కు గూడ ఇస్తరు. రెండు లెక్కలు కలిస్తెనే తీసుకుంటరు."

"కలవకుంటే?"

"మూడో దానికి పంపుతరు. ఎవరన్న గడువు లోపట పంపకున్నా గంతే."

బిక్షపతి తొడ మీద చరుచుకున్నాడు. "అంటే ఆళ్ళకే మన మీద నమ్మకం లేదు పటేలా. మీరేమో ఇంట్ల పెట్టుకున్నరు."

సారు ముఖం మాడింది. ఆ లెక్కను సెంటర్‌లో ఆయనే పెట్టుకోమన్నాడు. ఎండాకాలంలో నేను అడగలేక అడగలేక స్నిగ్ధక్కతో అడిగిస్తే, అన్నం తింటూ, "అమెరికోళ్ళతోని పనా? పెట్టుండ్రి, పెట్టుండ్రి," అన్నాడు. పేరు ఎవరిది వేయాలన్నప్పుడు స్నిగ్ధక్క, "నాదెయ్యి, నీ పేరు ఏం బాగుంటది," అంది. వేశాను. పేరు నాకు ముఖ్యం కాదు, మడి ముఖ్యం. కొన్నాళ్ళకు కంప్యూటర్ సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు చెబుతూ స్నిగ్ధక్క పేరు మీద ఒక సర్టిఫికెట్ వచ్చింది. సారు దానికి బంగారు రంగు ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించాడు. వచ్చినవాళ్ళకల్లా, "మా పాపకు ఇంటర్నేషనల్ ప్రైజ్," అని చూపించాడు. ఇంగ్లీషు చదవలేనివాళ్ళు తల ఊపారు. చదవగలిగినవాళ్ళు కూడా తలే ఊపారు. ఎవరి పని వాళ్ళకుంటుంది కదా.

దసరా మర్నాడు ఆ ఫ్రేమ్ గోడ మీద లేదు. మేకు మాత్రం ఉంది.

"ముచ్చట ఇన్నం," అన్నాడు సారు. "సాయంత్రం అందరొస్తరు. నువ్వు నిలవడి ఒక్క మాట చెప్పు. నాకు తెల్వకుంట, సారుకు చెప్పకుంట పెట్టిన, తప్పైంది అని. గంతే. నేను అందరి ముంగట నిన్ను మన్నిస్త. నీ చదువుకు ఏం కాదు. ఇక్కడే ఉంటవు."

"చెప్పకుంటే పటేలా?" అని అడిగింది మా అమ్మ, నేల వైపు చూస్తూ.

"చెప్పకుంటే ఇగ మీ ఇష్టం. ఆటో ఉంటది గదా, తోల్కపో."

నా గొంతు నాకే వినిపించనంత మెల్లగా వచ్చింది.

"ఆ రోజు కంప్యూటర్ ఆన్ పెట్టింది నేను కాదు. పూజ ఉంది, ఆపేద్దాం, ముక్క పోతే ఇంకొకరు చేస్తరు అని చెప్పిన. స్క్రీన్ నల్లగైతే చాలన్నరు."

"ఎవరన్నరు?" అంది రాజమణమ్మ.

నేను చెప్పలేదు. అందరూ స్నిగ్ధక్క గది తలుపు వైపు చూశారు. లోపల మంచం కిర్రుమంది.

సారు నిదానంగా గడ్డం గీక్కున్నాడు. "మంచిది. ఇప్పుడే గదా నువ్వు చెప్పినవ్, ఒక్కరి లెక్క ఎవరు నమ్మరని. మరి నీ లెక్కకు రెండో లెక్క ఎవరిది?"

బిక్షపతి పకపకా నవ్వాడు. తెగులు గురించి నేను చెప్పినదేదీ సారు చెవికి ఎక్కలేదు. నన్ను కొట్టడానికి పనికొచ్చే ఒక్క ముక్క మాత్రం ఏరుకున్నాడు.

"మా బిడ్డ మీద పెడ్తుంది చూసినవా," అంది రాజమణమ్మ భర్తతో. "నేను మొదలే చెప్పిన, కౌలుదార్ల పిల్లల్ని ఇంట్ల పెట్టుకోవద్దని. ఇంటిరా మీరు? ఫ్రేమ్ కట్టుండ్రి, మేకు కొట్టుండ్రి, అందర్ని పిలిచి చూపియ్యిండ్రి."

"నువ్వు ఊకో."

"నేనెందుకు ఊకుంట? అప్పుడు పాప చేసింది అన్నది మీరే. ఇప్పుడు పాపకు తెల్వదు అనేది మీరే. నేనేం చెప్పాలె మా అన్నోళ్ళకు? ఆళ్ళు ఫోటో గూడ తీసుకున్నరు ఆ ఫ్రేమ్‌ది."

"రాజమణీ."

సారు ఆ పేరు పిలిచిన తీరుకు ఆమె ఆగిపోయింది. తన నోటితోనే ఏం చెప్పిందో అప్పుడు తెలిసింది. కొంగు సర్దుకుని, మా అమ్మతో, "చాయ్ తాగుతవా?" అంది.

బిక్షపతి తల పైకెత్తి ఫ్యాను చూస్తున్నాడు. ఫ్రేమ్ కింద నిలబడి స్నిగ్ధక్కకు శాలువా కప్పిన వాళ్ళలో అతనూ ఉన్నాడు. ఆ రోజు శాలువా కొస అతని చేతిలోనే ఉంది.

నాకు అప్పుడు భయం పోయింది. భయం పోయిన చోట ఏవగింపు వచ్చి కూర్చుంది. ఈ హాల్లో అందరికీ తెలుసు. ఇక్కడ రెండో లెక్క లేక కాదు, మూడోది కూడా ఉంది, నాలుగోది కూడా ఉంది. ఎవరూ పంపరు.

మా అమ్మ నన్ను చేయి పట్టుకుని వెనక దొడ్లోకి తీసుకుపోయింది. బోరు పక్కన నిలబెట్టింది.

"చెప్పెయ్యి బిడ్డా. ఒక్క మాట. నోట్లకెల్లి ఎల్లిపోతది, గంతే."

"ఎల్లిపోదమ్మా. రామమ్మ రేపటి నుంచి నన్ను చూసి ఏలు దాచుకుంటది. పాపన్నపేట దాకా పోతది ఆ మాట. ఎల్లం బిడ్డ మంది ఏలుముద్రలు అమ్ముకుందంటరు."

"అంటే అననీ. మందికి మతి ఎన్ని దినాలుంటది? నీ చదువు ఆగితే మల్ల రాదు."

"నువ్వు నమ్ముతున్నవా, నేనే పెట్టిన్నని?"

"నేను నమ్మితే ఎంత, నమ్మకుంటే ఎంత," అంది అమ్మ. కొంచెంసేపు బోరు గొట్టం వైపు చూసింది. "నిజంగ ఆ లెక్కతోని తెగులు పోతదా?"

"ఇప్పుడే పోదు. ఏండ్లు పడ్తది. పోతదో లేదో గూడ తెల్వదు."

"మరి గంతమంది ఎందుకు చేస్తున్నరు?"

"ఎవరన్న చెయ్యాలె గదమ్మా."

అమ్మ కొంగుతో నా ముఖం తుడిచింది. నేను ఏడవలేదు, అయినా తుడిచింది.

అప్పుడే వంటింటి కిటికీలో నుంచి రాజమణమ్మ మాట వినిపించింది. చాయ్ గిన్నె పెట్టిన చప్పుడు, తర్వాత సారు గొంతు, తర్వాత ఆమె.

"నిజంగ ఉంచుకుంటరా దాన్ని?"

"ఎలక్షన్ అయ్యేదాక. ఆ ఎన్క చూద్దాం. ఇప్పుడే ఎల్లగొడితే మంది ఏమనుకుంటరు? మనమే భయపడి పంపినమంటరు."

"అటెన్క?"

"అటెన్క ఏముంది. ఎల్లంకు చెప్తే వచ్చి తోల్కపోతడు."

మా అమ్మ కూడా విన్నది. ఆమె చేయి నా భుజం మీదనే ఉంది. అది కొంచెం బరువెక్కింది. నేను ఏదైనా అంటానేమోనని చూసింది. అబద్ధం చెబితే చదువు కొన్నాళ్ళుంటుంది, తర్వాత పేరూ చదువూ రెండూ పోతాయి. చెప్పకపోతే ఈ సాయంత్రమే ఆటో. సారు మన్నింపు అంత గొప్పది.

"స్నిగ్ధక్కను అడుగుత," అన్నాను.

"ఆ పిల్ల చెప్పదు బిడ్డా."

"అడుగుత."

ముందు గదిలో అప్పటికే కుర్చీలు వేస్తున్న చప్పుడవుతోంది. బిక్షపతి వాటిని కంప్యూటర్లకు ఎదురుగా వేయిస్తున్నాడు. నన్ను వాటి పక్కన నిలబెడతారన్న మాట. నేను హాలు దాటి వెళ్ళి స్నిగ్ధక్క గది తలుపు తోశాను.

ఆమె మంచం మీద కాళ్ళు ముడుచుకుని ఫోన్ చూస్తోంది. బంగారు రంగు ఫ్రేమ్ బీరువా పక్కన గోడకు ముఖం పెట్టి ఉంది, బడిలో తప్పు చేసిన పిల్లలా.

"అక్కా."

"ఏంది?"

"ఆన్ పెట్టింది నువ్వని చెప్పొద్దు. నేను ఆపమన్ననని మాత్రం మీ డాడీకి చెప్పు. నన్ను అందరి ముంగట నిలవెట్టొద్దని చెప్పు. గంతే."

"డాడీకి తెల్సు."

"తెల్సు. నువ్వు చెప్తే తెల్వనట్టు ఉండలేడు."

ఆమె ఫోన్ పక్కన పెట్టింది. నిజం చెప్పాలంటే స్నిగ్ధక్క చెడ్డది కాదు అని నేను డైరీలో రెండు మూడుసార్లు రాసుకున్నాను. ఆ పేజీలు ఇప్పుడు చదివితే నాకే సిగ్గుగా ఉంది.

"చూడు కావ్య. నాది చుట్టాలందరికి తెల్సిన పేరు. ఆ వీడియో మా కాలేజి గ్రూప్‌ల గూడ పడ్డది. అందరు నన్ను ఏమంటుండ్రో తెల్సా? నీ పేరు ఎవరికి తెల్సు? అసలు తెల్వని పేరు పోతే ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

"నీకొక్కదానికి గదా."

హాల్లో నుంచి సారు పిలిచాడు. "ఐలవ్వా, బిడ్డను తోల్కరా. అందరు వస్తుండ్రు." తేనె పూసిన గొంతు. గేటు తీసిన చప్పుడు, చెప్పుల చప్పుడు, రామమ్మ దగ్గు.

నేను కదల్లేదు. నా మనసులో దసరా నుంచి ఉన్నదే బయటికి వచ్చింది.

"అక్కా, దసరా నాడు మన కంప్యూటర్‌ల ఉన్న ముక్కకు జత ఉండె. ఇంకో దేశంల ఎవరో వాళ్ళ లెక్క చేసి పంపిన్రు. పూజకు ముందే పంపిన్రు, నేను చూసిన. మనది రాకముందే సారు వైర్లు పీకిండు. వాళ్ళ లెక్క ఒక్కటే ఉండిపోయింది అక్కడ. మన కోసం చూస్తుంటది."

స్నిగ్ధక్క మంచం దిగి వచ్చింది. ఒక్క క్షణం ఆమె ముఖంలో ఏదో మెత్తబడినట్టు అనిపించింది. తలుపు రెక్క మీద చేయి వేసింది. నా భుజం మీదుగా హాల్లోకి చూసింది, అక్కడ నిండుతున్న కుర్చీల వైపు, వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మా అమ్మ వైపు.

"చూస్తుంటదా?" అంది.

"గడువు దాకా చూస్తది."

"అటెన్క ఏమైతది? నువ్వే చెప్పినవ్ గదా, ఇందాక అందరికి. లోపటికెల్లి నేను గూడ విన్న."

"మూడో దానికి పంపుతరు."

"అయితే పంపుకో," అని స్నిగ్ధక్క తలుపు మూసింది.